ఉప్పు గాలిలో తేలిక కారు



బరంపురం దగ్గరి మార్కండి తీరంలో ఇసుక మీద ఫైబర్ పడవని బోర్లించి, అడుగున పగుళ్లు గీకి, రెజిన్‌లో తడిపిన మ్యాట్ ముక్కల్ని ఒకదాని మీద ఒకటి వేసి అదిమే మనిషిని మీలో చాలామంది చూసే ఉంటారు. 1957లో లండన్ మోటారు ప్రదర్శనకి వెళ్లినవాళ్లు అలాంటి పనితనాన్నే ఒక కారులో చూసి నోళ్లు తెరిచారు. లోటస్ అనే చిన్న కంపెనీ ఎలీట్ అనే కారుని అక్కడ నిలబెట్టింది. దానికి విడిగా ఇనుప చాసిస్ లేదు. బరువు మోసే శరీరం కూడా చాలావరకు గాజు పీచూ రెజినూ కలిపి పోసిందే. మన ఊళ్లో పడవ బాగుచేసే చెయ్యి లండన్‌లో స్పోర్ట్స్ కారు చేసే చెయ్యికి తీసిపోదని ధైర్యంగా చెప్పడానికి నాకు ఈ ఒక్క సంగతి చాలు. పాత తేలికపాటి స్పోర్ట్స్ కారుని ఇంటి దగ్గర బాగుచేసుకోవడం, మన అవసరానికి కొంచెం మార్చుకోవడం గురించి ఈ పూట మాట్లాడతాను.

తేలికపాటి అనే మాట ఎందుకు వాడుతున్నానంటే, స్పోర్ట్స్ కారు అనగానే మనవాళ్లకి పెద్ద ఇంజిన్, పెద్ద చప్పుడు, పెద్ద ధర గుర్తొస్తాయి. లోటస్ స్థాపించిన కోలిన్ చాప్‌మన్ ఆలోచన దీనికి తిరగబడి ఉండేది. ఇంజిన్ పెంచితే తిన్నని రోడ్డు మీదే లాభం. బరువు తగ్గిస్తే పరుగులో లాభం, మలుపులో లాభం, బ్రేకు వేసినప్పుడూ లాభం. ఆయన 1957లోనే లోటస్ సెవెన్ అనే బండిని విడి భాగాలుగా అమ్మడం మొదలుపెట్టాడు. అప్పట్లో బ్రిటన్‌లో తయారైన కారు కొంటే కొనుగోలు పన్ను కట్టాలి, విడి భాగాలు కొని ఇంట్లో బిగించుకుంటే అక్కర్లేదు. భాగాల పెట్టెతో పాటు బిగించే విధానం రాసిన పుస్తకం ఇస్తే ఆ మినహాయింపు పోతుంది కాబట్టి, విప్పే విధానం రాసి ఇచ్చేవారని, కొన్నవాళ్లు దాన్ని చివరి నుంచి చదువుకునేవారని చెబుతారు. పాత కారు ముందు కూచున్నవాడికి ఇంతకన్నా మంచి సలహా లేదు. విప్పేటప్పుడు రాసుకున్న కాగితమే బిగించేటప్పుడు గురువు. సెల్‌ఫోన్లో ఫొటోలు తీస్తే సరిపోతుందనుకుంటారు గానీ, ఏ బోల్టు ఏ పొడవో ఫొటోలో తెలీదు.

సరే, లోటస్ మన బరంపురంలో ఎక్కడిది అంటారు. నిజమే, లేదు. 1960లలో మన దేశంలో సొంతానికి కారు కొనాలంటే మూడే దారులు: కలకత్తా పక్కన హిందూస్తాన్ మోటార్స్ వారి అంబాసిడర్, బొంబాయి ప్రీమియర్ వారి ఫియట్, మద్రాసు స్టాండర్డ్ మోటార్స్ వారి హెరాల్డ్. మన బరంపురం ఉన్న గంజాం జిల్లా 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలోదే. ఆ తర్వాత కూడా చదువుకీ వైద్యానికీ వ్యాపారానికీ మద్రాసు మెయిలెక్కే అలవాటు మన తెలుగువాళ్లకి పోలేదు. అందుకని నేను చెప్పబోయేది ఆ మద్రాసు కారు గురించే.

స్టాండర్డ్ హెరాల్డ్ 1961 నుంచి 1971 దాకా మద్రాసు శివార్లలోని వండలూరులో తయారైంది. దీని మాతృక ఇంగ్లండులోని కోవెంట్రీలో 1959లో వచ్చిన ట్రయంఫ్ హెరాల్డ్. గీత గీసినవాడు ఇటలీవాడు, జొవాన్నీ మికెలొట్టి. ఇంజిన్ 948 సీసీ. బరువు సుమారు 800 కిలోలు. వేగమా, గంటకి 110 దాటాలంటే ఆయాసపడేది. ఇదేం స్పోర్ట్స్ కారండీ అని మీరు అడగొచ్చు. దీని చాసిస్‌నే పొట్టి చేసి, పైన రెండు సీట్ల శరీరం పెట్టి 1962లో ట్రయంఫ్ వాళ్లు స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారు అమ్మారు. అంతకన్నా గట్టి మాట ఇంకొకటి ఉంది. హెరాల్డ్ ముందు చక్రాలు నిలబడే నిలువు కడ్డీ ఉంది చూశారూ, మెకానిక్కులు అప్‌రైట్ అంటారు, దాన్ని లోటస్ వాళ్లు కొనుక్కెళ్లి తమ సెవెన్‌కీ, ఎలాన్ అనే ఇంకో కారుకీ బిగించుకున్నారు. డాక్టరు గారి ఇంటి ముందు, ప్లీడరు గారి ఇంటి ముందు బుద్ధిగా నిలబడిన కుటుంబ కారులో స్పోర్ట్స్ కారు ఎముకలు ఉన్నాయన్నమాట. చక్రం ఎంతగా మెలి తిరుగుతుందంటే 25 అడుగుల వలయంలో బండి మొత్తం వెనక్కి తిరిగేది. బరంపురం పాత బజారు సందుల్లో ఆ గుణం విలువ ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

ఇంటి దగ్గర పనికి ఇంతకన్నా అనువైన కారు దొరకదని నా అభిప్రాయం. దానికి కారణం ఒక వ్యాపార తగాదా. కారు శరీరాలు రేకుతో అచ్చుకొట్టి ఇచ్చే ఫిషర్ అండ్ లడ్లో అనే కంపెనీని 1953లో పోటీదారు బీఎంసీ కొనేసింది. ట్రయంఫ్ వాళ్లకి శరీరం మొత్తం ఒక్కచోట చేయించుకునే దారి మూసుకుపోయింది. దాంతో ముక్కలు ముక్కలుగా వేర్వేరు చోట్ల చేయించి, విడి చాసిస్ మీద బోల్టులతో కలిపారు. ఆ ఇబ్బందే ఇవాళ మనకి వరమైంది. బానెట్టూ ముందు మడ్‌గార్డులూ కలిసి ఒక్క ముక్కగా ముందుకి తిరగబడతాయి. టైరు మీద కూచుని ఇంజిన్ పని చేసుకోవచ్చు. తలుపుల కింద పట్టీలు బోల్టులే. చివరికి పైకప్పు కూడా బోల్టులే. ఒక మంచి పానా సెట్టు, జాకీ, నాలుగు గట్టి స్టాండ్లు, సాయానికి నలుగురు మనుషులు ఉంటే శరీరాన్ని చాసిస్ నుంచి లేపి పక్కన పెట్టొచ్చు. అంబాసిడర్‌కి ఈ మాట చెప్పలేం.

ఇప్పుడు అసలు శత్రువు దగ్గరికి వద్దాం. మార్కండి నుంచి గోపాలపురం దాకా ఇనుము పెట్టుకున్న ప్రతివాడికీ తెలిసిన శత్రువు: తుప్పు. సముద్రపు ఉప్పు ఒట్టి సోడియం క్లోరైడ్ కాదు. అందులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది. దానికి గాలిలో తేమని లాక్కునే గుణం ఎక్కువ. వాన లేకపోయినా, మంచు పడకపోయినా, ఉప్పు పొర అంటుకున్న రేకు లోపల్లోపల తడిగానే ఉంటుంది. ఆ తడిలో క్లోరైడు చేరితే తుప్పు తన పని చకచకా చేసుకుంటుంది. మన వాళ్లు జాగ్రత్త అనుకుని కారు మీద ప్లాస్టిక్ కవరు కప్పి నెలల తరబడి వదిలేస్తారు. అంతకన్నా కవరు లేకుండా ఉంచడమే మేలు. కవరు కింద ఆ తేమ ఎటూ పోదు. గాలి ఆడే పాక, కింద సిమెంటు నేల ఉంటే చాలు.

హెరాల్డ్‌లో తుప్పు ఎక్కడ దాక్కుంటుందో చెబుతాను, రాసుకోండి. చాసిస్ నుంచి పక్కలకి చాచిన చేతులు, డిక్కీ నేల, కాళ్లు పెట్టే గుంటలు, ముందు గోడ అడుగు, తలుపుల అడుగు అంచు. చాసిస్ డబ్బా లోపల బోలు. బయట రంగు నిగనిగలాడుతున్నా లోపల తినేసి ఉండొచ్చు. చిన్న సుత్తితో తట్టుకుంటూ వెళ్లండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, చచ్చిన ఇనుము డబ్బుమంటుంది. స్క్రూడ్రైవరు మొన పెట్టి నొక్కితే లోపలికి దిగిందంటే ఆ భాగం కోసేసి కొత్త రేకు వెల్డింగు చేయాల్సిందే. కోసే ముందు ఒక మాట: తలుపు చట్రం మధ్యలో ఇనుప కడ్డీ అడ్డం వేసి తాత్కాలికంగా వెల్డింగు చేసుకోండి. లేదంటే శరీరం వంగి, ఆరు నెలల పని అయ్యాక తలుపు పడదు. పడని తలుపుని చూసి ఆ పని మొత్తం వదిలేసినవాళ్లు ఉన్నారు.

చిన్న ముక్కల తుప్పుకి ఇంట్లోనే చేసుకునే ఒక మంచి పద్ధతి ఉంది. ప్లాస్టిక్ తొట్టెలో నీళ్లు పోసి బట్టల సోడా కలపండి. తుప్పు పట్టిన ముక్కని బ్యాటరీ చార్జరు నెగిటివ్ తీగకి, ఒక పాత ఇనుప రేకుని పాజిటివ్‌కి తగిలించి, రెండూ తగలకుండా నీళ్లలో ముంచండి. రాత్రంతా ఉంచితే తుప్పు వదులైపోతుంది. మూడు జాగ్రత్తలు మరవకండి. పాజిటివ్ వైపు స్టెయిన్‌లెస్ స్టీలు వాడకూడదు, అందులోంచి విషపు క్రోమియం నీళ్లలోకి దిగుతుంది. హైడ్రోజన్ వస్తుంది గనక ఆరుబయటే చేయాలి, దగ్గర్లో బీడీ వెలిగించకూడదు. కమాన్ పట్టీలు, గట్టి బోల్టులు అందులో వేయకూడదు. హైడ్రోజన్ చేరి అవి పెళుసుబారి, పైకి ఏమీ కనపడకుండానే ఒకరోజు తెగుతాయి.

మన పడవల వాళ్లు ఇక్కడ ఒక ప్రశ్న అడుగుతారు. "పెద్ద పడవలకి ఇనుము తినకుండా జింకు దిమ్మలు కడతారు కదండీ, కారుకీ కట్టేస్తే పోదా?" పోదు. జింకు తన్ను తాను కరిగించుకుని ఇనుముని కాపాడాలంటే రెండూ ఒకే నీళ్లలో మునిగి ఉండాలి. రోడ్డు మీద కారు నీళ్లలో మునగదు. కాబట్టి జింకు కలిసిన ప్రైమరుని రేకు మీదే పూయాలి, బోలు డబ్బాల్లోకి మైనం మందు పిచికారీ చేయాలి. పడవ దగ్గర నేర్చుకోవాల్సిన అలవాటు వేరే ఉంది. సముద్రం నుంచి రాగానే అవుట్‌బోర్డు ఇంజిన్‌లో మంచినీళ్లు పంపి ఉప్పు కడిగేస్తారు చూశారా, అది. బీచి రోడ్డు మీద తిరిగొచ్చిన కారు కింది భాగాన్ని మంచినీళ్లతో కడగడానికి పది నిమిషాలు చాలు.

ఫైబర్ గురించి ఒక హెచ్చరిక కూడా ఇక్కడే. మన ఊళ్లో ఫైబర్ పని బాగా తెలుసు గనక, చిల్లు పడిన కారు నేల మీద కూడా మ్యాట్ వేసి రెజిన్ పూసేస్తే ఏమవుతుంది అనిపిస్తుంది. తుప్పు ఇనుముకి పాలియెస్టర్ రెజిన్ సరిగా అంటదు. మధ్యలో తేమ చేరి, కింద ఇనుము నిశ్శబ్దంగా కరిగిపోతుంది. పైన చూడ్డానికి మాత్రం నేల ఉంటుంది. దాని మీద సీటు, సీటు మీద మనిషి. ఇలాంటి పనిని నేను మోసం అంటాను. ఫైబర్ ఎక్కడ వాడాలంటే, బానెట్టు మొత్తాన్ని అచ్చు తీసి కొత్తది పోసుకోవడానికి వాడండి, డిక్కీ మూతకి వాడండి. బరువు తగ్గుతుంది, తుప్పు పట్టదు. అచ్చు పోత మన మేస్త్రికి రోజువారీ పనే. వేసవి ఎండలో హార్డెనరు తగ్గించాలని, లేకపోతే డబ్బాలోనే గట్టిపడుతుందని అతనికి ఒకరు చెప్పాలా? ముక్కుకి మాస్కు మాత్రం చెప్పాలి. ఫైబర్ గీకిన ధూళి ఊపిరితిత్తులకి చేటు. పడవల దగ్గర కూడా ఎవరూ పెట్టుకోరు.

ఇంజిన్ గురించి క్లుప్తంగానే చెబుతాను, ఎందుకంటే అది అందరికీ ఇష్టమైన భాగం, అందుకే దాని జోలికి ముందే పోతారు. ఒకరిని క్లచ్ తొక్కమని, మీరు ముందు పుల్లీని చూడండి. కంటికి కనపడేంతగా ముందుకు జరిగితే క్రాంక్ పక్కనుండే థ్రస్ట్ వాషర్లు అరిగిపోయాయి. ఆ స్థితిలో నడిపితే వాషరు ఊడి కింద పడి, క్రాంకూ బ్లాకూ రెండూ పోతాయి. సీసం కలిసిన పెట్రోలు మన దేశంలో 2000 ఫిబ్రవరి 1 నుంచి పోయింది. ఆ సీసం మీద ఆధారపడిన పాత వాల్వ్ సీట్లకి లేతు షాపులో గట్టి రింగులు వేయించుకోవాలి. ఇక ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ పాత రబ్బరు గొట్టాల్ని తినేస్తుంది, గాలిలో తేమని పీలుస్తుంది. పెట్రోలు గొట్టాలు, పంపు డయాఫ్రం, కార్బురేటరు వాషర్లు అన్నీ కొత్తవి మార్చి, నెలల తరబడి నిలిపే ముందు ట్యాంకు ఖాళీ చేయండి.

ముందు చక్రం అప్‌రైట్ అన్నానే, దాని అడుగున ఒక కంచు ముక్క ఉంటుంది, ట్రన్నియన్ అంటారు. మరలతో బిగుస్తుంది, చక్రం తిప్పినప్పుడల్లా ఆ మరల మీదే తిరుగుతుంది. దాంట్లో గ్రీజు కాదు, గేరు నూనె పోయాలి, తొంభై నంబరుది. గ్రీజు గన్ను పట్టుకుని అన్నిటికీ ఒకే మందు కొట్టే అలవాటు మన సర్వీసింగు షెడ్లలో ఉంది. ఆ అలవాటు వల్ల మరలు ఎండిపోయి, ఒకరోజు కడ్డీ విరిగి చక్రం పక్కకి పడిపోతుంది. ఎడమ వైపుది ఎడమ మరలు, కుడి వైపుది కుడి మరలు. అటుదిటు మార్చితే ఇక చెప్పక్కర్లేదు. లోటస్ వాడి కారుకీ ఇదే రోగం, ఇదే మందు.

మార్పుల సంగతి. వేగం పెంచాలనుకునేవాడు ముందు ఆపడం నేర్చుకోవాలి. హెరాల్డ్‌కి వెనక ఇరుసు రెండు ముక్కలు. మధ్యలో డిఫరెన్షియల్, అక్కడ్నుంచి రెండు పక్కలకీ ఊగే ఇరుసు, పైన అడ్డంగా ఒక కమాన్ కట్ట. తిన్నగా వెళితే హాయి. వేగంగా మలుపు తిరుగుతూ మధ్యలో ఉలిక్కిపడి యాక్సిలరేటరు వదిలేస్తే, బండి వెనక భాగం లేచి, బయటి వైపు వెనక చక్రం లోపలికి ముడుచుకుంటుంది. అంతే, బండి తిరగబడి వచ్చిన దారి చూస్తుంది. ట్రయంఫ్ వాళ్లు కమాన్ కట్టని మధ్యలో ఊగేలా మార్చి, 1970లో స్పిట్‌ఫైర్‌కి ఈ జబ్బు కొంత నయం చేశారు. మన స్టాండర్డ్ వాళ్లు 1972లో తెచ్చిన గజెల్ కారులో ఆ ఊగే ఇరుసునే వదిలేసి మామూలు ఇరుసు పెట్టారు. కాబట్టి వెనక ఎత్తు కొంచెం తగ్గించి, షాక్ అబ్సార్బర్లు, టైర్లు కొత్తవి వేసి, డ్రమ్ము బ్రేకులు నాలుగూ సమానంగా పట్టేలా చేసుకున్నాకే ఇంజిన్ గుర్రాల గురించి ఆలోచించండి. మారుతి ఇంజిన్ ఎక్కించేద్దాం అనే మాట ఎక్కువ వినపడుతుంది. నా ఓటు దానికి లేదు.

అసలు చట్టమే సులువుగా ఒప్పుకోదు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకి తేడాగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీం కోర్టు ఆ మాటనే గట్టిగా చెప్పింది. ఇంజిన్ మార్చాలంటే ఆర్టీవో అనుమతి ముందే తీసుకోవాలి. ఇంకో దారి కూడా ఉంది. 50 ఏళ్లు దాటిన బళ్లకి 2021 జులైలో కేంద్రం వింటేజ్ రిజిస్ట్రేషన్ నిబంధనలు తెచ్చింది. కొత్తగా నమోదుకి 20,000 రూపాయలు, పదేళ్లకి చెల్లుబాటు, నంబరు పలకలో వీఏ అనే అక్షరాలు. హెరాల్డ్ ఆగిందే 1971లో, కాబట్టి ఉన్నవన్నీ అర్హతకి వచ్చేశాయి. కానీ చాసిస్, శరీరం, ఇంజిన్ గణనీయంగా మార్చిన బండికి ఆ గుర్తింపు రాదు. ఆ నంబరుతో రోజూ సంతకి తిరగడానికీ వీల్లేదు, ప్రదర్శనలకీ ర్యాలీలకీ మరమ్మతుకీ మాత్రమే. కాబట్టి పని మొదలుపెట్టే ముందే తేల్చుకోవాలి: వింటేజ్ పలకా, మామూలు రిజిస్ట్రేషనా.

మనవాళ్లకి ఈ పని చేతకాదనే మాట నేను ఒప్పుకోను. కోయంబత్తూరులో ఎస్. కరివర్ధన్ మారుతి 796 సీసీ ఇంజిన్‌తో ఫార్ములా మారుతి రేసు కార్లు చేసి ఒక తరం కుర్రాళ్లకి రేసు నేర్పారు. అక్కడి రేసు ట్రాకు కరి మోటార్ స్పీడ్‌వే ఆయన పేరిటే ఉంది. హైదరాబాదులో సుధా కార్స్ మ్యూజియం పెట్టిన సుధాకర్ గారు తుక్కు సామానుతో మొదలుపెట్టి చిత్రవిచిత్రమైన ఆకారాల్లో కార్లు సొంతంగా చేశారు. ఇవాళ మన బరంపురం ఐటీఐ విద్యార్థులు తుక్కు ఇనుముతో చేసిన బొమ్మలు చూడ్డానికి బయటి ఊళ్ల నుంచి జనం వస్తారు. వెల్డింగు తెలిసిన ఆ పిల్లలు, ఫైబర్ తెలిసిన మార్కండి మేస్త్రులు ఒక పాకలో కలిస్తే లేనిది ఏమిటి? ఓపిక ఒక్కటే.

ఒక్క మాట కాలం గురించి. శరీరం విప్పిన కారు తోసుకెళ్లడానికి వీల్లేని కారు. గోపాలపురం దగ్గర ఫైలిన్ తుపాను 2013 అక్టోబరు 12న తీరం తాకింది. మన తీరానికి అక్టోబరు అంటే ఏమిటో తెలిసినవాళ్లు సెప్టెంబరులో శరీరం విప్పరు. విప్పే పని తుపాన్ల కాలం దాటాక మొదలుపెట్టండి. రంగు డిసెంబరు, జనవరి, ఫిబ్రవరిలో వేయించండి. తేమ గాలిలో రంగు వేస్తే పైన తెల్లటి పొగ పట్టి మెరుపు పోతుంది, మళ్లీ గీకాల్సిందే.

చివరిగా ఒక విన్నపం. మీ తాతగారిదో, ఊళ్లో పాత డాక్టరు గారిదో హెరాల్డ్ ఒకటి కొట్టం మూలన పడి ఉంటే, తుక్కు కొట్టు వాడికి తూకానికి వేసే ముందు ఆర్సీ పుస్తకం ఎక్కడుందో వెతకండి. బండి శరీరం పూర్తిగా పోయి ఉన్నా, ముందు అప్‌రైట్లు, స్టీరింగు ర్యాకు, ఇంజిన్ బ్లాకు విడిగా తీసి నూనె రాసి గుడ్డలో చుట్టి పెట్టండి. స్టాండర్డ్ కంపెనీ మూతపడి ముప్ఫై ఏళ్లు దాటింది. ఇక ఆ భాగాలు దొరికేది ఇలాంటి కొట్టాల్లోనే.